నెట్‌వర్క్ పంపే అప్‌డేట్ రూట్ చేసిన ఫోనులోకి రాకుండా ఆపడం ఎలా?

#1 సందేహాలరాయుడు
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి పోయేవాణ్ణే గాని రాయడం ఇదే మొదటిసారి. నాది నెట్‌వర్క్ కంపెనీ ముద్రతో వచ్చిన ఫోను. బూట్‌లోడర్ (ఫోను లేచేటప్పుడు మొదట నడిచే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసి, రికవరీ (అప్‌డేట్‌లు ఎక్కించే, విభాగాలు తుడిచే విడి మెనూ) మార్చి, రూట్ చేసుకుని (సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకుని) ఏడాది దాటింది. అక్కరలేని యాప్‌లన్నీ పీకేశాను. బ్యాటరీ రోజంతా వస్తోంది, ఏ లోటూ లేదు. అయితే నాలుగు రోజులుగా "సిస్టమ్ అప్‌డేట్ సిద్ధంగా ఉంది" అనే నోటిఫికేషన్ పట్టుకుంది. పక్కకు తోస్తే పోదు. 'తరువాత' అని నొక్కితే కాసేపటికి తెరంతా ఆక్రమించి మళ్లీ ప్రత్యక్షమవుతుంది. మొదట్లో కింద చిన్న అక్షరాలతో "ఇంకా 3 సార్లు వాయిదా వేయవచ్చు" అని ఉండేది. ఇప్పుడు అక్కడ 1 ఉంది. అది సున్నా అయితే ఏమవుతుంది? రూట్ పోతుందా, ఫోనే పోతుందా? దీన్ని శాశ్వతంగా ఆపే దారి చెప్పండి.

#2 చిల్లరపనులు
హోస్ట్స్ ఫైలు (ఏ సర్వర్ పేరు ఏ చిరునామాకు పోవాలో చెప్పే జాబితా) తెరిచి, అప్‌డేట్ సర్వర్ పేరు ముందు 127.0.0.1 (అంటే ఫోను సొంత చిరునామా) అని చేర్చండి. ప్రకటనలు ఆపడానికి అందరమూ చేసేదే. రెండు నిమిషాల పని.

#3 మూలవిరాట్టు
రాయుడు గారూ, తొందరపడకండి. వాయిదాల లెక్క చూపిస్తోందంటే ఫైలు ఇప్పటికే దిగిపోయి ఫోనులో కూర్చుందని అర్థం. ఇప్పుడు సర్వర్‌ను అడ్డుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ముందు రెండు సంగతులు చెప్పండి. ఆండ్రాయిడ్ ఎన్నో వెర్షన్? టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే యాప్‌లో) గెట్‌ప్రాప్ ఆదేశంతో ఆర్‌ఓ.బిల్డ్.ఏబీ_అప్‌డేట్ (అప్‌డేట్‌కు రెండు స్లాట్‌ల పద్ధతి ఉందా అని) అడిగితే 'ట్రూ' వస్తోందా, ఖాళీగా వస్తోందా? దాన్ని బట్టి వైద్యం పూర్తిగా మారిపోతుంది. అంతవరకు ఫోనును చార్జింగ్‌లో పెట్టి నిద్రపోకండి. చాలా ఫోన్లు అర్ధరాత్రి, చార్జింగ్‌లో ఉన్నప్పుడే ఈ పనికి పూనుకుంటాయి.

#4 సందేహాలరాయుడు
మీ జవాబు చూసేలోపే నిద్రపోయాను. అదీ చార్జింగ్‌లో పెట్టి. పడుకునే ముందు చిల్లరపనులు గారు చెప్పినట్టు హోస్ట్స్ ఫైలు కూడా మార్చాను.

ఇప్పుడు వేరే ఫోను నుంచి రాస్తున్నాను. పొద్దున చూస్తే ఫోను రికవరీ తెర మీద ఉంది. రీబూట్ నొక్కితే మామూలుగానే లేస్తుంది, నా ఫోటోలూ సందేశాలూ అన్నీ ఉన్నాయి. కాని సరిగ్గా నిమిషం తిరిగేసరికి దానంతటదే ఆగి మళ్లీ రికవరీకి పోతోంది. ఏడుసార్లు లెక్కపెట్టాను. ఆ నిమిషంలోనే గబగబా చూశాను: ఆండ్రాయిడ్ 6, మీరు అడిగిన దానికి ఖాళీ జవాబు.

#5 అర్ధరాత్రి అలారం
కంగారు పడకండి, డేటా పోలేదు. రికవరీలో 'వైప్' లోపల అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి క్యాష్ (తాత్కాలిక ఫైళ్ల విభాగం) ఒక్కటే ఎంచుకోండి. డేటా పెట్టెలో టిక్ పడకుండా చూసుకోండి. క్యాష్ మాత్రమే తుడిచి రీబూట్ చేయండి. దిగిన ఫైలు, దాన్ని ఎక్కించమని రికవరీకి రాసిన చీటీ సాధారణంగా ఆ విభాగంలోనే ఉంటాయి. రెండూ పోతే గొడవ ఆగుతుంది.

నాకూ ఇదే జరిగింది. అప్పుడు నేను చేసిన ఘనకార్యం డేటాతో సహా తుడవడం. అందుకే డేటా గురించి అంత గట్టిగా చెప్పాను.

#6 సందేహాలరాయుడు
ఆగింది! పది నిమిషాలుగా ఫోను నిలబడే ఉంది. మీ మేలు మరచిపోను.

(రెండు గంటల తర్వాత చేర్చినది) సంబరం ముగిసింది. నోటిఫికేషన్‌లో "అప్‌డేట్ డౌన్‌లోడ్ అవుతోంది, 12 శాతం" అని కనబడుతోంది. హోస్ట్స్ ఫైలు మార్చినా ఇదెలా వచ్చింది? ప్రస్తుతానికి విమానం మోడ్‌లో పెట్టాను.

#7 మూలవిరాట్టు
మంచి పని చేశారు, అలాగే ఉంచండి. హోస్ట్స్ ఎందుకు పనిచేయలేదో చెబుతాను, దాంతో మిగతాదీ తేలిపోతుంది.

అప్‌డేట్ నాలుగు చేతులు మారి వస్తుంది. కొత్తది ఉందని ఫోనుకు కబురు చేసేది మొదటిది. నెట్‌వర్క్ ముద్ర ఉన్న ఫోన్లలో చాలావాటికి ఓఎంఏ డీఎం అనే ఏర్పాటు (నెట్‌వర్క్ దూరం నుంచే ఫోనును నిర్వహించే పద్ధతి) ఉంటుంది. అందులో ఫోను వెళ్లి సర్వర్‌ను అడగాల్సిన పని లేదు. సర్వరే ఒక ప్రత్యేకమైన ఎస్సెమ్మెస్ పంపి ఫోనును తట్టి లేపగలదు. ఆ ఎస్సెమ్మెస్ మీ ఇన్‌బాక్స్‌లో కనబడదు, హోస్ట్స్ ఫైలుకూ దానికీ సంబంధమే లేదు. రెండో చేయి ఫైలును దించేది. 'కొత్తది ఉందా' అని అడిగే సర్వర్ పేరు ఒకటి, ఫైలు ఇచ్చే సర్వర్ పేరు ఇంకొకటి కావచ్చు. మీరు అడ్డుకున్నది ఒక్క పేరునే. మూడో చేయి దిగిన ఫైలు సంతకం సరిచూసి, రికవరీకి చీటీ రాసి, ఫోనును రీస్టార్ట్ చేసేది. ఆ చీటీ చదివి ఎక్కించే రికవరీది నాలుగో చేయి.

మీ రికవరీ కంపెనీది కాదు. చీటీ చదివింది, ఏదో సరిపోలేదని తిప్పికొట్టింది. ఆ సంగతి మూడో చేయికి తెలియలేదు, తెలిసినా పట్టించుకోలేదు. మళ్లీ చీటీ రాసింది. మీ ఏడు రీస్టార్ట్‌ల కథ ఇదే.

కాబట్టి పట్టుకోవలసింది సర్వర్‌ను కాదు, ఫోనులో ఉన్న అప్‌డేట్ యాప్‌ను. మొదటి మూడు చేతులూ చాలాసార్లు ఆ ఒక్క యాప్‌వే. కంప్యూటర్‌కు తగిలించి, ఏడీబీ షెల్‌లో (కంప్యూటర్ నుంచి ఫోనుకు ఆదేశాలిచ్చే చోట) పీఎం లిస్ట్ ప్యాకేజెస్ కొట్టి, వచ్చిన యాప్‌ల జాబితాలో ఓటీఏ, ఫోటా (రెండూ నెట్‌వర్క్ మీదుగా వచ్చే అప్‌డేట్‌కు పొట్టిపేర్లు), డీఎం, అప్‌డేట్ అనే ముక్కలు ఉన్న పేర్లు ఇక్కడ పెట్టండి. మోటరోలా ఫోన్లలో అది సీసీసీ.ఓటీఏ అని ముగుస్తుంది. సామ్‌సంగ్‌లో కామ్.డబ్ల్యూఎస్‌సింక్‌ఎంఎల్‌డీఎం. ఆ పేరు చూసి అది అప్‌డేట్ యాప్ అని కనిపెట్టేవాడికి దండం పెట్టాలి. కొంచెం ఓపికగా చదివితే మధ్యలో 'సింక్‌ఎంఎల్', చివర 'డీఎం' కనబడతాయి.

#8 సందేహాలరాయుడు
జాబితా తీశాను. అనుమానించదగ్గవి మూడే. ఒకటి 'ఫోటా' అని ముగుస్తోంది. ఇంకొకటి 'డీఎంక్లయింట్'. మూడోది 'డౌన్‌లోడ్స్' ప్రొవైడర్. ఫోను వివరాల తెర ఫోటో కూడా జతచేశాను. మూడింటినీ ఆపేయనా?

#9 వేదిక నిర్వాహకులు
రాయుడు గారూ, మీరు పెట్టిన ఫోటోలో ఐఎంఈఐ (ఫోను గుర్తింపు) సంఖ్య మొత్తం కనబడుతోంది. తొలగించాం. ఆ సంఖ్య మీద గీత గీసి మళ్లీ పెట్టవచ్చు.

#10 మూలవిరాట్టు
డౌన్‌లోడ్స్ జోలికి పోకండి! అది బ్రౌజర్ మొదలు అన్ని యాప్‌లకూ ఫైళ్లు దించిపెడుతుంది. మిగతా రెండింటినీ ఆపండి. ఆపండి అన్నాను, తీసేయండి అనలేదు. పీఎం డిజేబుల్-యూజర్ --యూజర్ 0, దాని పక్కన ప్యాకేజీ పేరు. అంతే. ఫైలు ఎక్కడిదక్కడే ఉంటుంది, యాప్ మాత్రం లేవదు. రేపు కావాలంటే పీఎం ఎనేబుల్ చాలు. "రక్షిత ప్యాకేజీని ఆపలేం" అన్న అర్థం వచ్చే సందేశంతో మొరాయిస్తే ఎస్‌యూ కొట్టి రూట్‌గా ప్రయత్నించండి.

ఒకవేళ డీఎంక్లయింట్ ఆపాక నెట్‌వర్క్ సెట్టింగులు గల్లంతైనట్టు అనిపిస్తే దాన్ని తిరిగి లేపి, ఫోటాను మాత్రం ఆపి ఉంచండి. కొన్ని కంపెనీలు ఇంటర్నెట్ సెట్టింగులను కూడా అదే దారిలో పంపుతాయి.

#11 పాతకాపు
ఈ ప్యాకేజీల గోల మాకు ఉండేది కాదు. సిస్టమ్‌లో ఈటీసీ కింద సెక్యూరిటీ ఫోల్డర్‌లో ఓటీఏసర్ట్స్ అనే జిప్ ఫైలు ఉంటుంది. అప్‌డేట్ మీద సంతకం అసలుదో కాదో చూసుకోవడానికి కావలసిన తాళంచెవులు అందులోనివే. దాని పేరు చివర ఒక అక్షరం మార్చేవాళ్లం. ఫైలు దిగేది, సంతకం సరిచూడబోయేది, తాళంచెవులు కనబడక చతికిలబడేది. ఫోను చల్లగా ఉండేది.

#12 అర్ధరాత్రి అలారం
ఫోను చల్లగానే ఉంటుంది, బిల్లు వేడెక్కుతుంది పాతకాపు గారూ. సంతకం కుదరలేదని యాప్ ఆ ఫైలును పారేసి మళ్లీ మొదటి నుంచి దించుతుంది. నా పాత ఫోను ఒక రాత్రంతా అదే చేసింది. పైగా సంతకం పరీక్షను రికవరీకే వదిలేసే యాప్‌లు కూడా ఉన్నాయి. వాటికి ఆ జిప్ ఉన్నా లేకపోయినా ఒకటే.

#13 పాతకాపు
ఒప్పుకుంటున్నాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మా రోజుల్లో అప్‌డేట్ ఒక్కో ఫైలును విడిగా సరిచూసేది. కంపెనీ యాప్ ఒక్కటి పీకినా 'స్టేటస్ 7' అని ఏడ్చి ఆగిపోయేది. ఆండ్రాయిడ్ 5 నుంచి సిస్టమ్ విభాగాన్ని మొత్తంగా, బ్లాకుల లెక్కన సరిచూస్తోంది. ఏమీ మార్చకుండా ఆ విభాగాన్ని రాయడానికి వీలుగా ఒకసారి మౌంట్ చేసినా లెక్క తప్పుతుంది. కనుక రాయుడు గారి ఫోనుకు ఆ అప్‌డేట్ ఎలాగూ ఎక్కేది కాదు. ఎక్కని అప్‌డేట్ కోసమే అన్ని రీస్టార్ట్‌లూ.

#14 నీటిబుడగ
అందరూ ఆపడం గురించే మాట్లాడుతున్నారు. ఆ అప్‌డేట్‌లో ఏముందో ఎవరైనా చూశారా? 2015లో స్టేజ్‌ఫ్రైట్ లోపం బయటపడింది. మల్టీమీడియా సందేశం ఒకటి వస్తే చాలు, తెరవకపోయినా ఫోను చేజారే ప్రమాదం. ఆ గొడవ తర్వాతే గూగుల్ నెలనెలా భద్రతా సవరణలు ఇవ్వడం మొదలుపెట్టింది. నెట్‌వర్క్ ముద్ర ఉన్న ఫోన్లకు ఆ సవరణలు వచ్చేది మీరు తలుపు మూస్తున్న ఈ దారినే. అప్‌డేట్ ఆపడమంటే ఆ తేదీ దగ్గర ఫోను గడియారాన్ని ఆపడమే.

#15 చిల్లరపనులు
అప్‌డేట్ వల్లే రూట్ పోయినవాళ్లను అడగండి. 2014లో టవల్‌రూట్ అనే యాప్ వచ్చినప్పుడు బూట్‌లోడర్ తాళం తీయలేని ఫోన్లను కూడా ఒక్క బటన్‌తో రూట్ చేసుకున్నాం. తర్వాతి అప్‌డేట్‌తో ఆ దారి మూసుకుపోయింది. ఆపకుండా ఎలా ఉంటాం?

#16 నీటిబుడగ
టవల్‌రూట్ వాడుకున్నది ఆండ్రాయిడ్‌కు పునాది అయిన లైనక్స్ కెర్నల్‌లోని ఫ్యూటెక్స్ లోపాన్ని. మీకు రూట్ ఇచ్చిన ఆ కంత లోంచే మీరు దించుకున్న ఏ ముదనష్టపు యాప్ అయినా రూట్ తెచ్చుకోగలదు. ఆ కంత మిమ్మల్ని చూసి పక్కకు జరిగి, దొంగను చూసి మూసుకోదు కదా.

#17 మూలవిరాట్టు
ఇద్దరి మాటా నిజమే, కాని ఇద్దరూ ఒకే ఫోను గురించి మాట్లాడటం లేదు. బూట్‌లోడర్ తెరుచుకునే ఫోనులో రూట్ కోసం ఏ లోపమూ అక్కరలేదు. అప్‌డేట్ ఎక్కించుకుని మళ్లీ రూట్ చేసుకోవచ్చు. నేను ఆపేది అప్‌డేట్‌ను కాదు, అది దానంతటది రావడాన్ని. కొన్ని నెలలకోసారి పూర్తి ఫర్మ్‌వేర్ (కంపెనీ ఇచ్చే సిస్టమ్ సాఫ్ట్‌వేర్ మొత్తం) దించి, అందులో ఫోనును లేపే బూట్ ఇమేజ్‌ను మ్యాజిస్క్ అనే రూట్ యాప్‌తో ప్యాచ్ చేసి, తీరిక ఉన్న పూట ఎక్కిస్తాను.

ఆచితూచి వెళ్లడానికి ఇంకో కారణం, వెనక్కి రాలేకపోవడం. 2022 ఆగస్టులో పిక్సెల్ 6 ఫోన్లకు ఆండ్రాయిడ్ 13 వచ్చినప్పుడు బూట్‌లోడర్‌లోని యాంటీ రోల్‌బ్యాక్ సంఖ్య (పాత వెర్షన్‌కు పోనీయకుండా కాసేది) పెరిగింది. ఎక్కించుకున్నవాళ్లకు మళ్లీ ఆండ్రాయిడ్ 12కు పోయే దారి లేకుండాపోయింది. సామ్‌సంగ్ ఫర్మ్‌వేర్ పేర్లలోనూ బూట్‌లోడర్ బైనరీ అంకె ఉంటుంది. అది పెరిగాక పాతది ఎక్కించబోతే డౌన్‌లోడ్ మోడ్ (ఫర్మ్‌వేర్ ఎక్కించే తెర) ముఖం మీదే కాదంటుంది. అందుకే ముందు పదిమంది ఎక్కించుకున్నాక నేను పదకొండోవాణ్ణి అవుతాను. మీ అందరి ధైర్యానికి సదా కృతజ్ఞుణ్ణి.

#18 కొత్తచిగురు
క్షమించండి, మధ్యలో దూరుతున్నాను. నాది కొత్త ఫోను. గెట్‌ప్రాప్‌లో 'ట్రూ' వస్తోంది, మ్యాజిస్క్‌తో రూట్ చేశాను. డెవలపర్ ఆప్షన్లలో 'ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్' ఆఫ్ చేశాను. అయినా "అప్‌డేట్ పూర్తయింది, రీస్టార్ట్ చేయండి" అంటోంది. బ్యాటరీ 9 శాతం ఉంది, దానంతటది ఆగిపోతుందేమోనని భయంగా ఉంది!

#19 మూలవిరాట్టు
ముందు చార్జింగ్‌లో పెట్టండి, తర్వాత చదవండి.

ఆండ్రాయిడ్ 7తో వచ్చిన ఏ/బీ పద్ధతి మీది. సిస్టమ్‌కు రెండు స్లాట్‌లు ఉంటాయి. మీరు ఒక దాంట్లో ఫోను వాడుకుంటూ ఉండగానే అప్‌డేట్ రెండో దాంట్లోకి చేరుతుంది. రీస్టార్ట్ అయితే స్లాట్ మారుతుంది. కొత్త స్లాట్‌లోని బూట్ ఇమేజ్ కంపెనీది గనుక రూట్ పోతుంది, డేటాకు ఢోకా ఉండదు. రాయుడు గారికి పట్టిన రీస్టార్ట్‌ల దెయ్యం సాధారణంగా మీకు పట్టదు.

డెవలపర్ ఆప్షన్లలోని ఆ మీట ముందే ఆపి ఉంచుకోవడం మంచిదే, మ్యాజిస్క్ వాళ్లు కూడా అదే చెబుతారు. కాని డౌన్‌లోడ్‌ను అది ఆపదు. ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. అప్‌డేట్ వద్దనుకుంటే రూట్ షెల్‌లో అప్‌డేట్_ఇంజిన్_క్లయింట్‌కు --రీసెట్_స్టేటస్ ఇవ్వండి, సిద్ధమైన అప్‌డేట్ రద్దవుతుంది. కావాలనుకుంటే రీస్టార్ట్ నొక్కకుండా మ్యాజిస్క్ తెరిచి 'ఇన్‌యాక్టివ్ స్లాట్‌లో ఇన్‌స్టాల్' ఎంచుకోండి. అప్‌డేట్ వస్తుంది, రూట్ నిలుస్తుంది. మీ స్థానంలో నేనైతే రెండోదే చేస్తాను.

#20 కొత్తచిగురు
రెండోదే చేశాను. రూట్ ఉంది, భద్రతా సవరణ తేదీ మారింది. చెయ్యి మాత్రం ఇంకా వణుకుతోంది.

#21 గాలిపటం
నాదీ రాయుడు గారి సమస్యే, కాని క్యాష్ తుడిచినా పోలేదు. నాకు హోమ్ స్క్రీన్ కూడా రావడం లేదు. ఆన్ చేస్తే సూటిగా రికవరీకే వెళ్తోంది.

#22 అర్ధరాత్రి అలారం
అలాగైతే చీటీ క్యాష్‌లో కాదు, 'మిస్క్' అనే చిన్న విభాగంలో ఉండిపోయి ఉంటుంది. బూట్‌లోడర్ ముందుగా చూసేది దాన్నే. రికవరీలోని టెర్మినల్‌లో డీడీ ఆదేశంతో ఆ విభాగాన్ని ఒక ఫైలుగా తీసి, కంప్యూటర్‌కు కాపీ చేసి, హెక్స్ ఎడిటర్‌లో (ఫైలులోని బైట్‌లను చూపే ప్రోగ్రామ్‌లో) తెరవండి. మొట్టమొదటి వరుసలోనే 'బూట్-రికవరీ' అన్న మాట కనబడితే దొంగ దొరికినట్టే.

ఆ కాపీని జాగ్రత్తగా దాచుకున్నాకే తుడవండి, అదీ మొదటి 2048 బైట్‌లు మాత్రమే. కొన్ని ఫోన్లలో వైఫై చిరునామా లాంటివి కూడా ఆ విభాగంలోనే ఉంటాయి. మొత్తం సున్నాలతో నింపేసి వైఫై పోగొట్టుకున్నవాళ్లున్నారు. మొదటి వరుసలో ఆ మాట లేకపోతే ఏమీ తుడవకండి. కొన్ని పాత ఎల్‌జీ ఫోన్లలో ఆ చీటీకి 'ఫోటా' అని విడి విభాగమే ఉంటుంది.

#23 గాలిపటం
మొదటి వరుసలోనే ఉంది! 'బూట్-రికవరీ', దాని వెనక చుక్కల బారు. చెప్పినంత వరకే తుడిచాను, ఫోను లేచింది. రెండు రోజులుగా దీన్ని బాగు చేయడానికి మూడు ఫర్మ్‌వేర్‌లు దించాను. తీరా చూస్తే అడ్డం పడింది ఒక్క మాట.

#24 ఒంటరి సిగ్నల్
ఆపడంలో నా అనుభవం కూడా వినండి. మూడేళ్లు ఒక్క అప్‌డేట్ రానివ్వలేదు, అదో గర్వం. మా నెట్‌వర్క్ 3జీ మూసేసిన రోజు ఫోనులో ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వచ్చింది, కాల్ మాత్రం ఒక్కటి వెళ్లలేదు. 4జీ మీద మాట్లాడే వోల్టే సౌకర్యాన్ని మా మోడల్‌కు ఇచ్చింది నేను ఆపిన అప్‌డేట్‌లలో రెండోది. మోడెమ్ ఫర్మ్‌వేర్‌తో సహా అన్నీ వరసగా ఎక్కించుకునేసరికి ఒక సెలవురోజు పోయింది.

#25 నీటిబుడగ
ఇంకొకటి చేరుస్తాను. ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లలో ప్లే ఇంటిగ్రిటీ (ఫోను నమ్మదగ్గదేనా అని యాప్‌లకు చెప్పే గూగుల్ పరీక్ష) అన్నిటికంటే గట్టి ముద్ర వేయాలంటే గడిచిన ఏడాదిలో భద్రతా సవరణ అంది ఉండాలి. రూట్ చేసినవాళ్లకు ఆ ముద్ర ఎలాగూ అందని ద్రాక్షే అనుకోండి. కాని రూట్ లేకుండా అప్‌డేట్ మాత్రం ఆపేసినవాళ్లు కూడా, ఆ ముద్ర అడిగే యాప్‌ల దగ్గర ఆగిపోతారు.

#26 చిల్లరపనులు
సరే, ఒక మెట్టు దిగుతున్నాను. కాని అప్‌డేట్ అంటే ప్రతిసారీ మేలే అనకండి. 2025 జనవరిలో పిక్సెల్ 4ఏ ఫోన్లకు వచ్చినది బ్యాటరీ సామర్థ్యాన్ని తగ్గించేది. దానంతటదే ఎక్కింది కూడా.

#27 నీటిబుడగ
అది బ్యాటరీలు వేడెక్కే ప్రమాదం తగ్గించడానికని గూగుల్ వాళ్లే చెప్పారు. 2016లో సామ్‌సంగ్ వాళ్లు నోట్ 7 ఫోన్లకు అసలు చార్జింగే ఎక్కకుండా చేసే అప్‌డేట్ పంపారు, మంటలంటుకునే ఫోన్లు జేబుల్లో మిగలకూడదని. దాన్ని కూడా ఆపి ఉండేవారా?

#28 చిల్లరపనులు
నోట్ 7 అయితే ఫోనునే ఆపేవాణ్ణి. 4ఏ సంగతిలో మాత్రం నన్ను అడిగి చేసి ఉండాల్సింది. ఆ మాట మీద నిలబడతాను.

#29 సందేహాలరాయుడు
నెల రోజుల తర్వాత వస్తున్నాను. ఫోటా, డీఎంక్లయింట్ రెండింటినీ ఆపాను. క్యాష్ ఇంకోసారి తుడిచాను. అప్పటి నుంచి నోటిఫికేషన్ లేదు, రీస్టార్ట్ లేదు. సెట్టింగుల్లో 'సిస్టమ్ అప్‌డేట్' నొక్కితే ఏమీ తెరుచుకోదు, ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో!

ఒంటరి సిగ్నల్ గారి టపా చదివాక గుండె గుబేలుమంది. వెళ్లి చూస్తే నా ఫోనులో భద్రతా సవరణ తేదీ రెండేళ్ల కిందటిది. వచ్చే ఆదివారం మూలవిరాట్టు గారి పద్ధతిలో పూర్తి ఫర్మ్‌వేర్ ఎక్కిస్తాను. ఒక్క సందేహం. అలా ఎక్కించాక ఆపిన యాప్‌లు మళ్లీ లేస్తాయా?

#30 మూలవిరాట్టు
ఆపిన సంగతి రాసి ఉండేది డేటా విభాగంలో. దాన్ని తుడవకపోతే మామూలుగా అలాగే ఉంటాయి. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మాత్రం రెండూ నిద్ర లేచి, మొదటి వైఫై దొరకగానే పనిలోకి దిగుతాయి. ఎక్కించిన వెంటనే, నెట్ కలపక ముందే ఒకసారి సరిచూసుకోండి. రికవరీ కూడా కంపెనీదే వచ్చేస్తుంది, మళ్లీ మార్చుకోవాలి.

#31 సందేహాలరాయుడు
ఆదివారం పని అయిపోయింది. తేదీ మారింది, రూట్ ఉంది. ఫోటా ఆగే ఉంది, డీఎంక్లయింట్ మాత్రం లేచి కూర్చుంది. కొత్త ఫర్మ్‌వేర్‌లో దాని పేరు చివర ఒక 2 చేరింది. పాత పేరును ఆపితే కొత్త పేరుతో వచ్చిందన్నమాట. నెట్ కలపక ముందే చూశాను గనుక బతికిపోయాను. రెండు ఆదేశాలూ కాగితం మీద రాసి ఫోను కవర్‌లో పెట్టుకున్నాను.